జబ్బు ‘పట్టుకోవడం’ అంటే ఏమిటి?



‘పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయండీ’ అంటాం. ‘జలుబు పట్టుకుంది’, ‘జ్వరం పట్టుకుంది’ అనీ అంటాం. ఈ మాట మొదట ఎవరన్నారో గాని ఎంత సరిగ్గా అన్నారో చూడండి. పెద్ద పెద్ద మైక్రోస్కోపుల్లో చూసి శాస్త్రజ్ఞులు చెబుతున్నదీ అదే. క్రిమి కడుపులోకి వెళ్లినంత మాత్రాన జబ్బు రాదు. అది లోపల దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి. పట్టు దొరికిందా, జబ్బు మొదలు. దొరకలేదా, వచ్చిన దారిన బయటికి పోవలసిందే.

ఒకే పెళ్లిలో, ఒకే పంక్తిలో కూచుని, ఒకే గుండిగలోని చారు పోయించుకున్న నలుగురిలో ఇద్దరికి మర్నాటికల్లా కడుపు చెడుతుంది. మిగతా ఇద్దరూ నిక్షేపంలా తిరుగుతుంటారు. ‘వాళ్లది రాయి కడుపమ్మా’ అనేసి ఊరుకుంటాం. రాయీ కాదు, రప్పా కాదు. క్రిములు ఆ ఇద్దరి కడుపులోకీ వెళ్లే ఉంటాయి. పట్టుకోవడానికి వాటికి సందు దొరకలేదు, అంతే. ఇవాళ ఆ సందు సంగతే మాట్లాడుకుందాం.

ఇదంతా మనకెందుకు, డాక్టర్లు చూసుకుంటారు కదా అంటారేమో. డాక్టరుగారు పొద్దున్న గాని దొరకరు. పిల్లవాడికి రాత్రి రెండు గంటలకు నాలుగోసారి బట్టలు మార్చేది మనం. నీళ్లు పట్టాలా వద్దా, ఆ మాత్ర వెయ్యాలా వద్దా అని ఆ క్షణంలో తేల్చుకోవలసిందీ మనమే. లోపల ఏం జరుగుతోందో కాస్త తెలిసి ఉంటే చెయ్యి తడబడదు.

ముందు క్రిమి ప్రయాణం చూద్దాం. నోట్లోంచి జారి జీర్ణకోశంలో పడగానే దానికి ఆమ్ల స్నానం. మన జీర్ణకోశంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం సామాన్యమైనది కాదు. కలరా క్రిమి దానికి అస్సలు ఆగలేదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కలరా రావాలంటే కోట్ల కొద్దీ క్రిములు లోపలికి వెళ్లాలి. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా అలా కాదు, మొండిది. పది నుంచి వంద క్రిములు చేరినా చాలు. కంటికి కనబడని మురికి గోటి సందులో అంతకు ఎన్నో రెట్లు పడతాయి. ఇంకో మాట. కడుపులో మంటకని ఆమ్లం ఊరకుండా చేసే మాత్రలు డాక్టరు చెప్పకుండానే నెలల తరబడి మింగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అవసరమైనవాళ్లకు ఆ మాత్రలు మంచివే. కాని ఈ మొదటి కాపలా తగ్గితే పేగు జబ్బులు వచ్చే వీలు పెరుగుతుందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

అక్కడినుంచి చిన్నపేగు. సుమారు ఆరు మీటర్ల పొడుగు గొట్టం. దాని లోపలివైపు నున్నగా ఉంటుందనుకోకండి. కొత్త టర్కీ తువాలును వేళ్లతో రాసి చూడండి, పోగులు పోగులుగా లేచి ఉంటుంది చూశారూ, అచ్చంగా అలా ఉంటుంది. ఆ పోగుల్నే ఆంత్ర చూషకాలంటారు. మనం తిన్న తిండిలోని సారాన్ని పీల్చేవి ఇవే. పాత పుస్తకాల్లో పేగు లోపలి పొరనంతా విప్పి పరిస్తే టెన్నిస్ ఆడే స్థలమంత అవుతుందని రాసేవారు. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు మళ్లీ కొలిచి, అంతేమీ కాదు, 30 చదరపు మీటర్ల చిల్లర అన్నారు. అంటే రెండు పెద్ద గదులంత. అయినా తక్కువేమీ కాదు లెండి.

అసలు విశేషం ఏమిటంటే, ఆ పొర మీద ఉన్నది ఒకే ఒక్క వరస కణాలు. బయటినుంచి వచ్చిన తిండికీ మన ఒంట్లోని రక్తానికీ మధ్య గోడ మందం ఒక్క కణమే. అయితే ఆ కణాలు ఇటుకలకు సున్నం పెట్టినట్టు పక్కపక్కన గట్టిగా అతుక్కుని ఉంటాయి. పైన జిగురు పొర ఉంటుంది. దాని పైనుంచి నీళ్లూ, రసాలూ ఎప్పుడూ జారుతూనే ఉంటాయి. పైగా ఇంటికి ఏడాదికోసారి సున్నం వేయించమంటే మనవాళ్లు ఇదుగో అదుగో అంటారు. పేగు మాత్రం తన గోడను మూడు నుంచి ఐదు రోజులకొకసారి కొత్తగా కట్టుకుంటుంది. పాత కణాలతో పాటు వాటికి అంటుకున్నవీ రాలిపోతాయి. ఇన్ని ఉండగా క్రిమికి పట్టు దొరకడం చిన్న విషయం కాదు.

మరి ఎలా పట్టుకుంటుంది? పొలం గట్టున నడిచి వస్తే పల్లేరు కాయలు చీర అంచుకు అంటుకుని వస్తాయి, గుర్తుందా? కొన్ని బాక్టీరియాల ఒంటినిండా అలాంటి సన్నని పోగులుంటాయి. మన పేగు కణాల పై పొరమీద రకరకాల చక్కెరలు అతికి ఉంటాయి. మనం కాఫీలో వేసుకునే చక్కెర కాదు, ఆ జాతివే. క్రిమి పోగు కొన ఫలానా చక్కెరకే అతుక్కుంటుంది. ఇంకోదాన్ని ముట్టదు. ఏ తాళానికి ఆ చెవే అన్నమాట. పట్టుకు ఎంత ప్రాముఖ్యముందో 1975లో ఇంగ్లండులో పందిపిల్లల్ని పరీక్షించి తేల్చారు. ఒకే కొట్టంలో, ఒకే క్రిమి సోకినా కొన్ని పందిపిల్లలకు విరేచనాలు రావడం లేదు. చూస్తే, వాటి పేగులో ఆ క్రిమి పోగులకు కావలసిన పట్టు పుట్టుకతోనే లేదు! మన పెళ్లి పంక్తిలో ఆ ఇద్దరి కథంతా ఇదేనని చెప్పను. వాళ్ల కడుపులో ఆమ్లం, వాళ్లు ఇదివరకు పడ్డ జబ్బులు, మింగిన మోతాదు, ఇవన్నీ కలుస్తాయి. మనిషికీ మనిషికీ తేడా ఉందన్నది మాత్రం నిజం. ‘ఓ’ రక్తం గ్రూపువారికి కలరా వస్తే తక్కినవారికంటె తీవ్రంగా ఉంటుందని ఎన్నాళ్లుగానో చూస్తున్నారు.

కలరా పేరెత్తాం కాబట్టి దాని సంగతే ముందు చెబుతాను. మన అమ్మమ్మలు ఈ పేరు పైకి అనడానికే భయపడేవారు, ‘గత్తర’ అని గొంతు తగ్గించి చెప్పేవారు. విచిత్రమేమిటంటే, ఇంత ప్రాణాంతకమైన క్రిమి మన కణంలోకి అడుగు కూడా పెట్టదు. పేగు గోడను పట్టుకుని బయటే నిలబడుతుంది. అక్కడినుంచి ఒక విషాన్ని మాత్రం లోపలికి పంపుతుంది.

ఈ క్రిమిని 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టరు విడిగా పట్టి పెంచి చూపించాడు. కాని అది మనిషిని ఎలా చంపుతుందో తేలడానికి మరో 75 ఏళ్లు పట్టింది. తేల్చినవారు కలకత్తాలోనే పనిచేసిన శంభునాథ్ దే గారు. ఆయన క్రిములన్నిటినీ వడగట్టేసి, క్రిమి ఒక్కటీ లేని ద్రవాన్ని కుందేలు పేగు ముక్కలో ఎక్కించి చూశారు. క్రిములు లేకపోయినా పేగు నీళ్లతో ఉబ్బిపోయింది. జబ్బు తెస్తున్నది క్రిమి వదిలే విషమేనని 1959లో ఆయన ప్రకటించారు. ఇంత పని చేసిన మనిషికి బతికుండగా మన దేశంలో రావలసినంత గౌరవం రాలేదు. 1985లో పోయారు. ఇళ్లలో పిల్లలకు శాస్త్రజ్ఞుల పేర్లు వల్లె వేయించేటప్పుడు ఈ పేరు కూడా చేర్చండి.

ఆ విషం ఆకారం చిత్రంగా ఉంటుంది. ఒంటి రెక్క నందివర్ధనం పువ్వు చూశారు కదా, ఐదు రేకులు. అలాగే ఐదు ముక్కలు గుండ్రంగా చేరి, మధ్యలో ఆరోది ఉంటుంది. ఐదు రేకులూ మన పేగు కణం మీది ఒకానొక చక్కెర పూసిన కొవ్వును పట్టుకుంటాయి. అవి పట్టుకోగానే కణం ఆ పువ్వును లోపలికి లాక్కుంటుంది. మధ్యనున్న ఆరో ముక్క కణం లోపల ఒక మీటను నొక్కి, మళ్లీ పైకి లేవకుండా బిగించేస్తుంది. కుళాయి తిప్పి, మర ఊడబీకి పట్టుకుపోయినట్టు. ఉప్పు కణంలోంచి బయటికి ధారకడుతుంది. ఉప్పు వెంట నీరు. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు నీరు పోవచ్చు. మనిషి పేగు పుండు పడి చనిపోవడం లేదు. నీరు, ఉప్పు పోయి చనిపోతున్నాడు.

ఇక్కడ దేవుడి దయ అందామా, శరీర నిర్మాణం అందామా, ఒక తలుపు మిగిలి ఉంది. పేగు కణానికి చక్కెరా ఉప్పూ కలిసి లోపలికి వచ్చే దారి ఒకటి వేరే ఉంది. ఒక గ్లూకోజు, దాంతో రెండు సోడియం, జతగా వస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది, వాటి వెనక నీరు వస్తుంది. ఉప్పు ఒక్కటే వస్తే తెరుచుకోదు. ఈ జత సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే ఆయన చెప్పారు. కలరా విషం ఈ తలుపును ఏమీ చేయలేదు! ఒక పక్క కుళాయి కారిపోతున్నా, ఇంకో పక్కనుంచి బిందెలతో పోసుకునే వీలు ఉందన్నమాట. ఓ.ఆర్.ఎస్. పొట్లంలో ఉన్న రహస్యమంతా ఇంతే. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో శరణార్థులు లక్షల సంఖ్యలో బంగాల్ సరిహద్దుకు వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరంలో కలరా పుట్టింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలలేదు. దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల పక్కనున్న తల్లులచేత, చెల్లెళ్లచేత గ్లాసులతో తాగించారు. నూటికి 30 మంది దాకా పోతున్నచోట మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆయన 2022లో పోయారు. మర్నాటి ఏడాది మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఈ సంగతి ఇంత విపులంగా ఎందుకు చెబుతున్నానంటే, ‘నీళ్లు పోస్తే ఇంకా పోతాయి, గొంతు తడిపి ఊరుకో’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. మా వీధిలోనే ఒక పెద్దావిడ మనవడికి విరేచనాలు పట్టుకుంటే రోజంతా నీళ్లు ఆపేశారు. ప్రేమ లేక కాదు సుమండీ, ఆ పిల్లవాడంటే ఆవిడకు ప్రాణం. సాయంత్రానికి వాడి కళ్లు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తే తేరుకున్నాడు. వాడి పేగులో ఆ ఉప్పు చక్కెరల తలుపు పొద్దుటినుంచీ తెరవడానికి సిద్ధంగానే ఉంది. తట్టేవాళ్లే లేకపోయారు.

ఇక ఇ. కోలి. 1885లో జర్మనీలో ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పసివాళ్ల మలంలో దీన్ని కనిపెట్టాడు. ఇందులో చాలా రకాలు మన పేగులో ఊరికే అద్దెకుండే సాధువులు. కొన్ని మాత్రం దుండగులు. 1945లో ఇంగ్లండులో జాన్ బ్రే అనే డాక్టరు, చంటిపిల్లల విరేచనాలకు అలాంటి రకమొకటి కారణమని చూపించాడు. ఇది చేసే పని వింటే ముక్కున వేలేసుకుంటారు.

ఇది కూడా ఏదో మన చక్కెరనో, మన మాంసకృత్తునో పట్టుకుంటుందని అందరూ చాలాకాలం అనుకున్నారు. కెనడాలో వాంకూవర్ నగరంలో బ్రెట్ ఫిన్లే గారి బృందం 1997లో అసలు సంగతి బయటపెట్టింది. మనం ఎక్కడికైనా చుట్టపు చూపుగా వెళితే సంచీ తగిలించుకోవడానికి గోడకు మేకు ఉందా అని వెతుక్కుంటాం. ఈ చుట్టం మేకు వెంట తెచ్చుకుంటుంది! ముందు పోగులతో కణాన్ని కొద్దిగా ఆనుకుంటుంది. ఆ పైన దాని ఒంటినుంచి సూదిలాంటి గొట్టం బయటికొచ్చి మన కణంలో గుచ్చుకుంటుంది. ఇంజెక్షను ఇచ్చినట్టే. ఆ గొట్టంలోంచి తన మేకును కణంలోకి తోస్తుంది. ఆ మేకు లోపలినుంచి పై పొరలో దిగబడి, తల బయటికి పెట్టి నిలబడుతుంది. క్రిమి దాన్ని పట్టుకుని వేలాడుతుంది. అంతటితో అయిందా? మన కణం లోపల దూలాల్లా ఉండే ఆక్టిన్ అనే పదార్థం వచ్చి దాని అడుగున గుట్టగా చేరి, దాన్ని పీట మీద కూచోబెట్టినట్టు పైకి లేపుతుంది. మైక్రోస్కోపులో ఆ పీట స్పష్టంగా కనబడుతుంది. పిలవని పేరంటానికి వచ్చి, మన చేతే పీట వేయించుకోవడమంటే ఇదే. ఆ పీట లేచినచోట కణం మీది సన్నని నూగంతా చదునైపోతుంది. సారం పీల్చుకునే పని పడకేస్తుంది, విరేచనాలు మొదలవుతాయి.

ఇంతవరకు గుమ్మం బయట నిలబడేవాళ్ల సంగతి. ఇప్పుడు లోపలికి చొరబడేవాళ్లు. మామూలుగా పేగు కణాలు బాక్టీరియాను మింగవు. అది వాటి పని కాదు. సాల్మొనెల్లా జాతి క్రిములు వాటిచేత బలవంతాన మింగిస్తాయి. వీటి దగ్గరా ఆ సూది గొట్టమే ఉంది. అందులోంచి పంపిన సరుకు తగలగానే కణం పై పొర ఉన్నట్టుండి కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా పైకి లేస్తుంది. పట్టుచీర కుచ్చిళ్లు దోపుకోబోయేముందు చేతిలో పట్టుకున్నట్టే ఉంటుంది ఆ ఫోటో. ఆ మడతలు క్రిమి మీదుగా వాలి దాన్ని లోపలికి ముడుచుకుంటాయి. అంతా కొద్ది నిమిషాల పని. లోపలికెళ్లాక ఒక చిన్న సంచీలో కాపురం పెడుతుంది. టైఫాయిడ్ తెచ్చేది ఈ జాతిదే. అది పేగులోనూ ఆగదు. క్రిముల్ని చంపవలసిన తెల్లరక్తకణాల్లోనే దాక్కుని కాలేయానికి, ప్లీహానికి పోతుంది. జ్వరం రోజుల తరబడి దిగకపోవడం అందుకే.

టైఫాయిడ్ తగ్గాక కూడా కొద్దిమందిలో ఆ క్రిమి పిత్తాశయంలో మకాం వేసి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మనిషికి ఏమీ తెలియదు. అమెరికాలో మేరీ మాలన్ అని ఐర్లండునుంచి వచ్చిన వంటమనిషి ఉండేది. వంట చేసిన ఇళ్లలో టైఫాయిడ్ పుడుతూ వచ్చింది, ఆమె మాత్రం ఆరోగ్యంగా ఉంది. 1907లో పట్టుకుని విడిగా ఉంచారు. వంట పని చేయనని మాట ఇస్తే 1910లో వదిలారు. 1915లో పేరు మార్చుకుని ఒక ప్రసూతి ఆస్పత్రి వంటింట్లో పనిచేస్తూ దొరికింది. తరవాత 1938లో చనిపోయేదాకా ఒక దీవిలోనే ఉంచేశారు. ఆమె చేసింది తప్పే. కాని వంట తప్ప మరో విద్య రాని ఒంటరి మనిషిని వంట మానెయ్యమన్నప్పుడు, ఇంకెలా బతకాలో కూడా ఎవరైనా చూడాలి కదా అని నాకనిపిస్తుంది. ఇవాళయితే మందులు ఉన్నాయి, టీకా ఉంది. ఈ క్రిమి తన ఒంటిమీద చక్కెర ముసుగు కప్పుకుని మన రక్షణ బలగాల కళ్లు కప్పుతుంది. ఆ ముసుగునే చూపించి శరీరానికి గుర్తు పట్టడం నేర్పేది టీకా. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థలో తయారైన టైఫాయిడ్ టీకాను ఆరు నెలలు నిండిన పిల్లలకు ఇవ్వవచ్చు. మీ పిల్లల డాక్టరును అడగండి.

అందరిలోకీ జిత్తులమారి షిగెల్లా. 1897లో జపానులో వేల ప్రాణాలు తీసిన రక్తవిరేచనాల సమయంలో కియోషి షిగా అనే డాక్టరు దీన్ని కనుక్కున్నాడు, అందుకే ఆ పేరు. దీనికి ఈదడానికి తోక లేదు. ఇది వీధి తలుపు జోలికి పోదు. పెరటి తలుపు చూసుకుంటుంది.

బియ్యం కొట్టులో బస్తాలోకి ఇనప గొట్టం పొడిచి నాలుగు గింజలు తీసి చూస్తారే, అలాగే పేగులోనూ అక్కడక్కడ మచ్చు తీసే కణాలుంటాయి. ఎమ్ కణాలంటారు. పేగులో ఏం పోతోందో కొద్దికొద్దిగా తీసి, లోపలనున్న రక్షణ కణాలకు అందించడం వాటి ఉద్యోగం. షిగెల్లా ఆ మచ్చులో కలిసి పోతుంది. లోపల తనను మింగిన రక్షణ కణాన్ని చంపి బయటపడుతుంది. అప్పుడు పేగు గోడను అడుగువైపునుంచి పట్టుకుంటుంది. పైవైపున లేని పట్టు దానికి అక్కడ దొరుకుతుంది. కణంలో దూరి, చుట్టూ ఏర్పడిన సంచీని చింపేసి, ఇందాక చెప్పిన ఆక్టిన్నే తన వెనక తోకగా పేర్చుకుంటుంది. దీపావళి నాడు తారాజువ్వ చూశారు కదా, వెనక నిప్పుల తోకతో దూసుకుపోతుంది. అలా ఒక కణంలోంచి పక్క కణంలోకి, అక్కడినుంచి ఆ పక్కదానిలోకి, గోడ లోపలే నడుస్తుంది. బయటి జిగురు, నీరు, కాపలా, ఏవీ దానికి అడ్డు రావు. దాన్ని పట్టడానికి పరుగెత్తుకొచ్చిన తెల్లరక్తకణాల తొక్కిసలాటలో గోడ ఇంకా చీలుతుంది. అందుకే చీము, జిగట, రక్తం, మెలితిప్పే నొప్పి.

ఇప్పుడు మనం రాత్రి రెండు గంటల ప్రశ్నకు వద్దాం. విరేచనాలు కట్టేసే మాత్రలు మందుల షాపులో అడగగానే ఇస్తారు. అవి పేగు కదలికను తగ్గిస్తాయి. పట్టు దొరకని క్రిముల్ని బయటికి ఊడ్చేసేది ఆ కదలికే. షిగెల్లాలాంటిది లోపల ఉన్నప్పుడు ఊడ్చే చీపురును లాక్కుంటే ఏమవుతుందో చెప్పక్కరలేదు. పిల్లలకు ఆ మాత్రలు వెయ్యనే వద్దు. నీళ్ల విరేచనాలైతే పోయిన నీటిని తిరిగి పోయడమే అసలు వైద్యం. రక్తం కనబడితే మాత్రం ఇంట్లో కూచోవద్దు, దానికి డాక్టరు చూసి ఇచ్చే మందు కావాలి. పిల్లవాడు మగతగా పడుకుని ఉన్నా, తాగలేకపోతున్నా, ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా తీసుకువెళ్లండి.

చిన్న విరేచనానికల్లా పాత చీటీ చూసి యాంటీబయాటిక్ తెప్పించేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. మన పేగులో అద్దెకున్న సాధు బాక్టీరియా ఉన్నాయే, అవి పట్టు దొరికే చోట్లన్నీ ఆక్రమించుకుని, ఉన్న తిండి తినేసి, కొత్తవాటికి చోటు లేకుండా చేస్తాయి. 1954లో అమెరికాలో ఎలుకల మీద చూశారు. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా సోకాలంటే లక్ష క్రిములు కావలసి వచ్చింది. ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన ఎలుకకు పది లోపే సరిపోయాయి. పాత కాపురస్తుల్ని మనమే ఖాళీ చేయించి దొంగకు ఇల్లు అప్పగించినట్టు.

ఓ.ఆర్.ఎస్. పొట్లం ఇంట్లో ఎప్పుడూ రెండు ఉంచుకోండి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, పిల్లవాడు చిన్నవాడని సగం పొట్లం కొలతకు అందకుండా కలపవద్దు. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టి కొలిచిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. తియ్యగా ఉంటే తాగుతాడని చక్కెర పెంచకండి, ఎక్కువ చక్కెర పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోసి కొత్తగా కలుపుకోవాలి. జింక్ మాత్ర కూడా పది పధ్నాలుగు రోజులు ఇస్తారు, మోతాదు డాక్టరును అడిగి తెలుసుకోండి. తిండి ఆపవద్దు. చంటిపిల్లలకు పాలు అసలే ఆపవద్దు.

తల్లిపాల గురించి ఆఖరున చెప్పాలని అట్టే పెట్టుకున్నాను. తల్లిపాలలో కొన్ని చక్కెరలున్నాయి. పాలలోని ఘన పదార్థాల్లో లాక్టోజు, కొవ్వుల తరవాత ఎక్కువగా ఉన్నవి అవే. కాని బిడ్డకు అవి అరగవు. అరగని దాన్ని తల్లి ఒళ్లు అంత శ్రమపడి ఎందుకు తయారు చేస్తుంది? ఇందాక క్రిమి పోగులు పేగు మీది చక్కెరను పట్టుకుంటాయని చెప్పాను కదా. పాలలోని ఈ చక్కెరలు కొన్ని అచ్చం ఆ పట్టు పోలికలోనే ఉంటాయి. క్రిమి ఇదే పేగు అనుకుని దాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే పాలతోపాటు కిందికి జారి, బిడ్డ గుడ్డలోకి వచ్చేస్తుంది. మిగిలిన చక్కెరలను బిడ్డ పేగులోని మంచి బాక్టీరియా తిని బతుకుతాయి. ఆ పైన పాలలో తల్లి ఒంట్లోని రక్షణ పదార్థాలు కూడా వచ్చి క్రిముల చేతులకు తొడుగులు వేసినట్టు కప్పేస్తాయి. అదీ ఎలాంటి క్రిములకు? ఆ తల్లి ఆ ఇంట్లో, ఆ వీధిలో తాను ఎదుర్కొన్నవాటికి. బిడ్డకు కూడా ముందు ఎదురయ్యేవి అవే కదండీ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. ఎండాకాలం బిడ్డ నాలుక ఎండిపోతుందని చెంచాడు నీళ్లు పోయబోయే అత్తగారికి ఈ సంగతి నెమ్మదిగా, నవ్వుతూ చెప్పండి.